హార్మోనియం మెట్ల మీద సాలూరు సంగీతం

కచేరీలోనైనా నాటకంలోనైనా నృత్యంలోనైనా ప్రేక్షకుల చూపు పాడేవారి మీద, ఆడేవారి మీద నిలుస్తుంది గాని, ఆ పాటకు శ్రుతి ఇచ్చి, గాయకుడు ఊపిరి తీసుకునే చోట ఖాళీని స్వరంతో నింపి, తడబడిన చోట దారి చూపి, ప్రదర్శనను మొదటి నుంచి చివరి దాకా నడిపించే వ్యక్తి ఒకరు వేదిక అంచున కూర్చుని ఉంటారన్న సంగతి చాలామందికి గుర్తుండదు. ఐరోపా నగరాల్లో ఆ స్థానం పియానో వాద్యకారుడిది. పారిస్‌లో 1881లో ప్రారంభమైన 'షా న్వార్' వంటి కాబరేలలో, అంటే బల్లల చుట్టూ కూర్చుని పానీయాలు సేవించే ప్రేక్షకుల ఎదుట పాటనూ హాస్యాన్నీ చిన్న నాటికలనూ కలిపి ప్రదర్శించే వినోదశాలల్లో, పియానో వాయించేవారే గాయకుల గొంతుకు తగిన స్థాయిని నిర్ణయించి, పాటలకు వరసలు కట్టి, సాధన చేయించి, రాత్రికి ప్రదర్శన నడిపించేవారు. తర్వాతి కాలంలో స్వరకర్తగా ప్రపంచ ఖ్యాతి పొందిన ఎరిక్ సాటీ తొలినాళ్లలో ఆ షా న్వార్‌లోనే పియానో వాయించారు. బెర్లిన్ కాబరేలకు పాటలు కట్టిన ఫ్రెడరిక్ హోలెండర్ 1930లో వచ్చిన 'ద బ్లూ ఏంజెల్' చిత్రానికి పాటలు కూర్చి సినిమా సంగీతంలో స్థిరపడ్డారు.

తెలుగునాట ఆ పని పియానో మీద జరగలేదు, హార్మోనియం మీద జరిగింది. పద్యనాటకానికి హార్మోనిస్టు, లలితసంగీత సభలో గాయకుడి పక్కన హార్మోనియం విద్వాంసుడు, సినిమా కంపోజింగు గదిలో పెట్టె ముందు కూర్చున్న సహాయ సంగీత దర్శకుడు, కూచిపూడి నృత్యనాటకానికి వరసలు కూర్చిన స్వరకర్త, వీరందరూ ఒకే వృత్తికి చెందిన భిన్న రూపాలు. ఆ రూపాల్లో చాలావాటిని ఒకే జీవితంలో, అదీ నూరేళ్లు దాటిన జీవితంలో, నిర్వహించిన వారు పట్రాయని సంగీతరావు. ఆయన ఉత్తరాంధ్ర సంగీత కుటుంబంలో పుట్టినవారు కావడం నరసన్నపేట, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పాఠకులకు ప్రత్యేకంగా తెలియవలసిన విషయం.

ఈ కుటుంబ విద్యకు మూలస్థానం సాలూరు. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలోనూ, ఆ తర్వాత విజయనగరం జిల్లాలోనూ ఉండి, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో భాగమైన ఈ ఊళ్లో పట్రాయని నరసింహశాస్త్రి సంగీతం నేర్పి 'సాలూరి పెద గురువుగారు'గా పేరు పొందారు. ఆయన కుమారుడు, సంగీతరావు తండ్రి అయిన పట్రాయని సీతారామశాస్త్రి (1900-1957) 'సాలూరి చిన గురువుగారు' అయ్యారు. ఈ ప్రాంతం సంగీతానికి ఎంత సారవంతమైనదో చెప్పడానికి సాలూరు దగ్గరి శివరామపురంలో 1922లో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు పేరు ఒక్కటి చాలు. ఆ చుట్టుపక్కలే ఉన్న బొబ్బిలి పేరు దేశమంతటా వీణలకు పర్యాయపదంగా వినిపించడం కూడా ఇక్కడ గమనించదగినది.

సీతారామశాస్త్రి విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో గాత్ర పండితులుగా పనిచేశారు. 1919లో స్థాపితమై ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రధానాచార్యులుగా నడిచిన ఆ కళాశాలలో, దాసుగారి అనంతరం వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు ఆ బాధ్యత స్వీకరించారు. హరికథకూ వయొలిన్‌కూ అంతటి మహనీయులు ప్రతినిధులుగా ఉన్న చోట సీతారామశాస్త్రి తానే హార్మోనియం వాయించుకుంటూ పాడడంలో ప్రసిద్ధి పొందారు. ఆ రోజుల్లో ఇది సాహసమే. శాస్త్రీయ సంగీత లోకం హార్మోనియాన్ని నాటకాల పెట్టెగా, భజనల పెట్టెగా చూసేది గాని పండితుల వాద్యంగా గుర్తించేది కాదు.

ఆ చిన్నచూపుకు గట్టి కారణమే ఉంది. హార్మోనియం 19వ శతాబ్దిలో ఐరోపా నుంచి వచ్చిన వాద్యం. పారిస్‌కు చెందిన అలెగ్జాండర్ దెబాఁ 1840లలో దానికి పేటెంటు పొందగా, ఆ తర్వాత కలకత్తాలో దాన్ని నేల మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఊదుతూ మరో చేత్తో వాయించుకునే చిన్న పెట్టెగా మార్చారు. తిత్తి నుంచి వచ్చే గాలి పలుచని ఇత్తడి రీడ్ల మీదుగా పోయినప్పుడు అవి కంపించి నాదం పుడుతుంది. మెట్టు నొక్కితే ఆ మెట్టు కింది రీడుకు గాలి దారి తెరుచుకుంటుంది. పియానోలో సుత్తి తీగను కొట్టిన మరుక్షణం నుంచి నాదం సన్నగిల్లడం మొదలవుతుంది గాని, హార్మోనియంలో గాలి ఉన్నంతసేపూ స్వరం నిలుస్తుంది. గొంతుకు తోడుగా పియానో కంటే హార్మోనియం మనవారికి ఎక్కువగా నచ్చడానికి ఈ నిలకడ ఒక ముఖ్య కారణం. అయితే ఒక స్థాయిలోని పన్నెండు మెట్లూ సమాన దూరాల్లో శ్రుతి చేసి ఉండడం వల్ల, తంబురా మీటినప్పుడు దానంతట అదే వినిపించే అంతర గాంధారం కంటే హార్మోనియం గాంధారం కొద్దిగా ఎగువన ఉంటుంది. రెండు పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని నూరు భాగాలు చేస్తే ఈ తేడా సుమారు 14 భాగాలు. అంతకంటే పెద్ద ఇబ్బంది గమకం. స్వరాన్ని ఊపడం, ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారడం గమకం కాగా, మెట్టుకూ మెట్టుకూ మధ్య ఏమీ లేని వాద్యంలో అది ఎలా పలుకుతుందన్నది విమర్శకుల ప్రశ్న. రవీంద్రనాథ్ ఠాగూర్ హార్మోనియాన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఆకాశవాణి 1940 మార్చి 1 నుంచి తన ప్రసారాల్లో దానిని నిషేధించి, 1971లో గాని ఆ నిషేధాన్ని పాక్షికంగానైనా సడలించలేదు.

ఈ తేదీలను సీతారామశాస్త్రి జీవితం పక్కన పెట్టి చూడాలి. ఆయన విద్వత్తు పరిపక్వమైన సంవత్సరాల్లో అధికభాగం ఆ నిషేధ కాలంలోనే గడిచింది, ఆయన మరణించే నాటికి అది తొలగలేదు. ఒక విద్వాంసుడికి ఏ వాద్యంతో పేరు వచ్చిందో ఆ వాద్యానికే రేడియో తలుపు మూసుకుంది. నాటకరంగంలోని హార్మోనిస్టుల పరిస్థితీ అంతే. తెలుగు సంగీత చరిత్రలో ఈ వాద్యానికి దక్కవలసిన స్థానం దక్కకపోవడానికి దాని లోపాల కంటే ఈ నిషేధమే ఎక్కువ కారణం అనడం న్యాయం.

నిజానికి ప్రజ్ఞావంతుడైన హార్మోనిస్టు ఆ లోపాలకు విరుగుడు తన వేళ్లలోనే వెదుక్కుంటాడు. తోడి రాగంలోని సాధారణ గాంధారం రిషభ మధ్యమాల మధ్య ఊగే స్వరం. దాని మెట్టును నొక్కి ఊరుకుంటే అది తోడి కాదు. అందుకని వాద్యకారుడు మధ్యమాన్ని రెప్పపాటు కాలం తాకి వదిలి, రిషభం మీదికి దిగి, గాంధారాన్ని పూర్తిగా నిలబెట్టకుండా ఆ కదలికలోనే దాని ఛాయను వినిపిస్తాడు. అదే సమయంలో రెండో చేతితో తిత్తిని ఒక్కసారిగా నొక్కకుండా గాలిని పెంచుతూ తగ్గిస్తూ, స్వరం మొదలును మెత్తగా, చివరను సన్నగా తీసుకువస్తాడు. మోహన వంటి రాగంలో స్వరాలు చాలావరకు నిలకడగా ఉంటాయి కనుక అక్కడ పెట్టె హాయిగా పలుకుతుంది. తోడి, శహన వంటివి వచ్చినప్పుడు వివేకం గల హార్మోనిస్టు గమకాన్ని గాయకుడి గొంతుకే వదిలి తాను ఆధార స్వరాల మీద నిలుస్తాడు. ఎక్కడ వాయించకూడదో తెలియడం ఈ విద్యలో సగం.

పద్యనాటకం ఈ విద్యకు పెద్ద పాఠశాల. నాటకాల వారి పరిభాషలో 'ఒకటి శ్రుతి', 'రెండున్నర శ్రుతి', 'ఐదు శ్రుతి' అనే మాటలు హార్మోనియం మెట్లను బట్టి పుట్టాయి. స్థాయిలో మొదటి తెల్లమెట్టును ఆధార షడ్జంగా పెట్టుకుంటే అది ఒకటి, దాని పక్కనున్న నల్లమెట్టు ఒకటిన్నర, తర్వాతి తెల్లమెట్టు రెండు, ఇలా ఏడు వరకూ లెక్క. మైకులు లేని కాలంలో పద్యం చివరి వరుసకు చేరాలంటే హెచ్చు శ్రుతిలో పాడక తప్పేది కాదు. తెల్లవారే దాకా సాగే నాటకంలో నటుడి గొంతు అలసినప్పుడు ఆ సంగతి అందరికంటే ముందు గ్రహించేది హార్మోనిస్టే. పద్యానికి ముందు రాగాన్ని రెండు పోకడల్లో సూచించడం, పాదానికీ పాదానికీ మధ్య నటుడు ఊపిరి పీల్చుకునే వ్యవధిలో అతడు ముగించిన స్వరం నుంచే అందుకుని 'బిట్' వాయించడం, నటుడు పద్యం మరచిపోతే ఆ రాగాన్నే మరికొంత సాగదీసి జ్ఞాపకం వచ్చే దాకా ప్రేక్షకులకు తెలియనివ్వకపోవడం, 'వన్స్ మోర్' కేకలు లేచినప్పుడు అదే పద్యాన్ని మరో పోకడతో ఎత్తుకునేందుకు దారి ఇవ్వడం అతని విధులు. ఇందుకోసం కాళ్లతో తొక్కే లెగ్ హార్మోనియం నాటకాల్లో ఎక్కువగా వాడారు. గాలి పని కాళ్లకు అప్పగించడంతో రెండు చేతులూ మెట్ల మీదికి వచ్చేవి. శ్రీకృష్ణ పాత్రతో తెలుగుదేశమంతటా పేరు పొందిన పీసపాటి నరసింహమూర్తి ఉత్తరాంధ్ర నటులే. అటువంటి నటుల పద్యాలను తలచుకునే వారు పక్కనున్న హార్మోనిస్టును కూడా తలచుకోవలసి ఉంటుంది.

సీతారామశాస్త్రి శిష్యుల్లో లోకమంతా ఎరిగినవారు ఘంటసాల వెంకటేశ్వరరావు. తండ్రిని చిన్నతనంలోనే పోగొట్టుకుని, సంగీతం నేర్చుకోవాలన్న పట్టుదలతో కృష్ణా జిల్లా నుంచి విజయనగరం చేరిన ఆ బాలుడు, మధుకరం చేసుకుంటూ, అంటే ఇంటింటికీ వెళ్లి అన్నం అడిగి తెచ్చుకుని తింటూ చదువుకున్న రోజుల్లో, సీతారామశాస్త్రి ఆయనను ఆదరించి విద్య చెప్పారు. ఆ గురుకుటుంబంతో ఏర్పడిన అనుబంధమే తర్వాతి కాలంలో గురుపుత్రుడైన సంగీతరావును మద్రాసులో ఘంటసాల చెంతకు చేర్చింది. 1920 నవంబరులో పుట్టిన సంగీతరావు ఘంటసాల కంటే రెండేళ్లు పెద్ద. కుటుంబ విద్యగా గాత్రం, హార్మోనియం అబ్బిన ఆయనకు వీణ కూడా తెలుసు. తీగను లాగి గమకం పలికించే వీణతో పరిచయం ఉన్న వారికి హార్మోనియంలో ఏది లేదో స్పష్టంగా తెలుస్తుంది. ఆయన వాదనంలోని సంయమనానికి ఆ ఎరుక తోడ్పడి ఉండాలి.

1950ల నుంచి 1974లో ఘంటసాల మరణించే వరకూ దాదాపు రెండు దశాబ్దాలు సంగీతరావు ఆయన వద్ద సహాయకులుగా పనిచేశారు. 'మాయాబజార్' (1957), 'గుండమ్మ కథ' (1962), 'లవకుశ' (1963), 'పాండవ వనవాసం' (1965), 'రహస్యం' (1967) వంటివి ఘంటసాల సంగీత దర్శకత్వంలో వచ్చింది ఈ కాలంలోనే. వీటిలో 'మాయాబజార్'కు కొన్ని వరసలు కట్టినవారు సాలూరి రాజేశ్వరరావు కావడం వల్ల, తెలుగువారు అత్యంత ఇష్టంగా చూసే ఆ చిత్రం వెనుక సాలూరు ప్రాంతపు సంగీతం రెండు దారుల్లో చేరినట్టయింది.

సినిమాల్లో సహాయ సంగీత దర్శకుడి పని ఏమిటో సామాన్య పాఠకులకు తెలిసే అవకాశం తక్కువ. దర్శకుడు సన్నివేశం వివరించగా సంగీత దర్శకుడు హార్మోనియం ముందు వరస కడుతుంటే, ఆ క్షణంలో పుట్టి మరుక్షణంలో మారిపోయే పోకడలను పట్టుకుని స్వరాల్లో రాసి పెట్టేది సహాయకుడు. గాయనీ గాయకులకు ఆ పాట నేర్పడం, వాద్యబృందానికి నొటేషన్ అందజేయడం, రిహార్సల్ చూడడం కూడా అతని బాధ్యతే. ఆ రోజుల్లో గాత్రమూ వాద్యాలూ విడివిడిగా రికార్డు చేసుకుని తర్వాత కలుపుకునే వీలు లేదు. గాయకుడు, వయొలిన్లు, వేణువు, తబలా అందరూ ఒకేసారి వాయించి పాడితే అది మొత్తంగా ఒకే ట్రాకు మీద ఎక్కేది. ఒక్కరు తప్పు చేస్తే పాట మళ్లీ మొదటి నుంచి పాడవలసిందే. కాబట్టి ఆనాటి ప్రతి సినిమా పాటా ప్రేక్షకులు లేని ప్రత్యక్ష ప్రదర్శన. నాటకరంగం హార్మోనిస్టుకు నేర్పిన ఏకాగ్రత, ఎదుటివారి ఊపిరిని కనిపెట్టే చూపు స్టూడియోలో ఎందుకు అక్కరకు వచ్చాయో దీన్ని బట్టి అర్థమవుతుంది. పెండ్యాల నాగేశ్వరరావు వంటి మరికొందరు సంగీత దర్శకులు కూడా నాటకాల హార్మోనియం నుంచే సినిమాకు రావడం యాదృచ్ఛికం కాదు.

సంగీతరావు స్వతంత్ర ప్రతిభ పూర్తిగా వెల్లడైనది మాత్రం కూచిపూడి నృత్యనాటకాల్లో. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీకి ఆయన సంగీత దర్శకులయ్యారు. 'పద్మావతీ శ్రీనివాసం', 'హరవిలాసం' వంటి నృత్యనాటకాలకు సంగీతం కూర్చారు. ఆ అకాడమీ నృత్యనాటకాల్లో కొన్నింటికి సాహిత్యం అందించిన వారు కవి ఎస్.వి. భుజంగరాయశర్మ. కవి, స్వరకర్త, నాట్యాచార్యుడు ముగ్గురూ ఒక్కచోట కూర్చుని పనిచేస్తే తప్ప నృత్యనాటకం నిలవదు. కచేరీలో ఒక కీర్తనను గాయకుడు తన మనోధర్మాన్ని బట్టి ఎంతసేపైనా విస్తరించవచ్చు. నృత్యనాటకంలో రాగం పాత్రకూ సన్నివేశానికీ లోబడాలి, నడక నర్తకి పాదానికి సరిపోవాలి, సాహిత్యంలోని మాట ప్రేక్షకుడికి స్పష్టంగా వినిపించాలి, ఎందుకంటే ఆ మాటకే నర్తకి అభినయం పట్టాలి. పాత్ర వేదిక మీదికి వచ్చేటప్పుడు తనను తాను పరిచయం చేసుకునే పాటను పాత్రప్రవేశ దరువు అంటారు. ఆ కొద్ది నిమిషాల్లో ఆ పాత్ర రాజో, విరహిణియో, అహంకారియో రాగమూ తాళగతీ కలిసి చెప్పెయ్యాలి. రెండు దశాబ్దాలు సినిమా పాటతో మెలిగిన స్వరకర్తకు మూడు నిమిషాల్లో భావం నిలబెట్టడం తెలుసు. సాలూరు గురుకులంలో పెరిగిన విద్వాంసుడికి రాగశుద్ధి తెలుసు. ఈ రెండూ కలిసిన సంగీతం ఆ నృత్యనాటకాలకు లభించడం కూచిపూడికి పెద్ద మేలు చేసింది.

ప్రదర్శన వేళ నృత్యబృందంలో తాళాలు పట్టి జతులు పలికే నట్టువాంగం వారు, గాయకులు, మృదంగం, వయొలిన్, వేణువు, వీణ వారు ఒకవైపు కూర్చుంటారు. జతి అంటే తకధిమి వంటి తాళశబ్దాల కూర్పు. నర్తకి ఒక అభినయాన్ని మరో తాళావృత్తం పొడిగించదలిస్తే ముందుగా చెప్పే అవకాశం ఉండదు. అది కళ్లతోనే తెలుసుకుని గాయకుడు అదే పంక్తిని మరో పోకడతో ఎత్తుకోవాలి. తాను కూర్చిన సంగీతం తానే దగ్గర ఉండి నడిపించే స్వరకర్తకు ఈ సందర్భంలో ఉన్న సౌలభ్యం మరొకరికి ఉండదు, ఎందుకంటే పాటలో ఏ పంక్తికి ఎన్ని పోకడలు దాగి ఉన్నాయో అతనికి తెలుసు. కాగితం మీది నొటేషన్ ప్రదర్శనగా మారేది ఇక్కడే. కూచిపూడి నేడు దేశవిదేశాల్లో ప్రధానంగా ఏకపాత్ర నృత్యంగా వ్యాపించి, రికార్డు చేసిన సంగీతంతో ప్రదర్శనలు ఇవ్వడం ఎక్కువైంది. ఖర్చు దృష్ట్యా అందుకు కారణాలున్నా, నర్తకి, వాద్యబృందం ఒకరినొకరు చూసుకుని నడిపే ఆ సంభాషణ పోవడం చిన్న నష్టం కాదు.

సంగీతరావు నూరేళ్లు నిండిన తర్వాత, 2021 జూన్‌లో చెన్నైలో కన్నుమూశారు. ఆయన జీవితకాలంలో హార్మోనియం నాటకశాల నుంచి స్టూడియోకు, స్టూడియో నుంచి నృత్యవేదికకు ప్రయాణించింది, రేడియో నిషేధాన్ని ఎదుర్కొంది, చివరకు ఎలక్ట్రానిక్ కీబోర్డుకు చాలాచోట్ల స్థానం ఇచ్చి పక్కకు తొలగింది. ఈ రోజు పద్యనాటకాల్లో సైతం కీబోర్డు వినిపిస్తోంది. శ్రుతి మార్చాలంటే ఒక మీట నొక్కితే చాలును గనుక అది సౌకర్యమే. కాని తిత్తి మీది చేయి గాయకుడి ఊపిరితో కలిసి కదిలినప్పుడు వచ్చే పెరుగుదలా తరుగుదలా దానిలో తీసుకురావడానికి అంతకు మించిన శ్రద్ధ కావాలి.

ఉత్తరాంధ్ర ఊళ్లలో, నరసన్నపేట నుంచి సాలూరు దాకా, నాటక సమాజాలు నడిపిన వారి ఇళ్లలోనూ, హార్మోనియం వాయించిన వారి ఇళ్లలోనూ పాత కేసెట్లు, స్వరాలు రాసుకున్న పుస్తకాలు, కరపత్రాలు ఇంకా కొన్నైనా ఉండవచ్చు. టేపు పూత రాలిపోతుంది, కాగితం చెదలపాలవుతుంది. అటువంటివి ఉన్న కుటుంబాలు వాటిని డిజిటల్ ప్రతులుగా మార్చుకుని, ఒక ప్రతిని విజయనగరంలోని మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల వంటి సంస్థకు అందజేస్తే రేపటి పరిశోధకులకు ఆధారం దొరుకుతుంది. ఇకపై నాటకాలు వేయించే నిర్వాహకులు కూడా కరపత్రంలో పాత్రధారుల పేర్లతో పాటు హార్మోనిస్టు పేరును, తబలిస్టు పేరును తప్పకుండా అచ్చు వేయించాలి.